ఎడమవైపు పిల్లర్

"చాసిస్ నంబరు చదవండి," అంది ఫోన్లో అమ్మాయి.

లీనస్ ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అక్క కారు ముందు సీటు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కార్పెట్టు ఎత్తి, ఇనుము మీద గుద్దిన అక్షరాలూ అంకెలూ టార్చి వెలుగులో ఒక్కొక్కటే చదివాడు. మొత్తం పదిహేడు. పన్నెండు దాకా వచ్చేసరికి ఆ అమ్మాయి అడ్డం పడింది.

"మిగతావి మూడు, సున్నా, ఎనిమిది, ఎనిమిది, ఒకటి. అంతేనా?"

లీనస్ టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. మూడు, సున్నా, ఎనిమిది, ఎనిమిది, ఒకటి.

"అంతే. మీకెలా తెలుసు?"

లైను తెగిపోయిందేమో అనుకున్నాడు. కానీ అవతల ఊపిరి వినిపిస్తోంది.

"ఏ పార్టు కావాలన్నారు?" అంది చివరికి. గొంతు మారిపోయింది.

"మధ్య పిల్లర్. ముందు తలుపుకీ వెనక తలుపుకీ నడుమ ఉండేది. కింద బీముతో సహా కావాలి. ఎడమవైపుది."

"ఎడమవైపే కావాలా?"

"దెబ్బ తగిలింది ఎడమవైపు కదండీ. కుడివైపుది తెచ్చి ఎడమవైపు అతికించుకోమంటారా?"

ఆమె నవ్వలేదు. "ఆ నంబరు మీకెవరిచ్చారు?"

"కారే ఇచ్చింది. నా మోకాళ్ళు దాని మీదే ఉన్నాయి."

"పాడైన పిల్లర్ కోశారా?"

"పూర్తిగా కొయ్యలేదు. లోపల ఎలా ఉందో చూద్దామని జానెడు ముక్క కోశాను."

"ఆ ముక్క పట్టుకుని రండి. ముక్క చూడందే పిల్లర్ అమ్మను. ఇవాళే రండి. చీకటి పడకముందే."

ఫోను పెట్టేసింది. పాత ఇనుము అమ్ముకునే మనిషికి ఇంత అధికారమా అని లీనస్ కి ఒళ్ళు మండింది. అయినా వేరే దారి లేదు. ఆ రకం పిల్లర్ చుట్టుపక్కల ఇంకే యార్డులోనూ దొరకలేదు.

ఉతెన ఊరి చివర, మూతపడ్డ పాల డిపో వెనకాల లీనస్ ది టింకరింగ్ షెడ్డు. సొట్టలు తీయడం, వెల్డింగు, పెయింటింగు, అన్నీ తనే. అక్క రమూనె నర్సు. పల్లెలు తిరిగి ముసలివాళ్ళకి ఇంజెక్షన్లు చేస్తుంది. ఎండాకాలంలో చవగ్గా దొరికిందని ఈ నీలం స్టేషన్ వ్యాగన్ కొనుక్కుంది. పోయిన వారం ఎవరి ఇంటి ముందో రివర్స్ చేస్తూ గేటు స్తంభానికి ఆనించింది. పిల్లర్ అట్టముక్కలా మడతపడింది. 

"ఆ వేగానికి అడ్డమొచ్చిన కోడి కూడా చావదురా," అంది రమూనె తమ్ముడితో. "కారే చచ్చింది."

ఆ మాటే లీనస్ ని నాలుగు రోజులుగా తొలుస్తోంది. పిల్లర్ అంత తేలిగ్గా మడతపడకూడదు.

* * *

యార్డు ఉన్న తౌరగ్నై దారిలో మధ్యాహ్నానికే పొగమంచు దిగింది. అక్టోబరు చివర. బిర్చి చెట్ల ఆకులు రాలి రోడ్డుకి అంటుకున్నాయి. పెట్రోలు బంకు దగ్గర ఆగి కాఫీ తీసుకుంటూ, కౌంటర్లో ఉన్న పెద్దావిడని యార్డుకి దారి అడిగాడు.

"అల్బీనస్ యార్డా? అక్కడేం పని బాబూ నీకు?"

"పార్టు కొనాలండీ. ఇందాకే అమ్మాయితో ఫోన్లో మాట్లాడాను."

ఆవిడ చిల్లర లెక్కపెట్టడం ఆపింది. "ఏ అమ్మాయితో?"

"పేరు అడగలేదు."

"నాయనా, అల్బీనస్ పోయి ఏడాదయింది. సరస్సు దగ్గర మలుపులో దుప్పి అడ్డమొచ్చి కారు చెట్టుకి కొట్టుకుంది. కూతురూ అందులోనే ఉంది. ఆ పిల్లని కూడా అదే అంబులెన్సులో తీసుకుపోయారు. మళ్ళీ తిరిగొచ్చిందని నేనైతే వినలేదు." ఆవిడ కాఫీ ముందుకు జరిపి, నెమ్మదిగా సిలువ గుర్తు వేసుకుంది. "నువ్వు మాట్లాడిన అమ్మాయి ఎవరో మరి."

లీనస్ బయటికొచ్చి, వ్యానులో కూర్చుని, కాఫీ చల్లారేదాకా తాగలేదు. వెనక్కి పోదామనుకున్నాడు. పిల్లర్ లేకపోతే అక్క దేని మీద వెళ్తుందని గుర్తొచ్చి బండి ముందుకే పోనిచ్చాడు.

యార్డు గేటు తీసే ఉంది. లోపల తలుపుల్లేని కార్లు, ముక్కుల్లేని కార్లు, ఒకదాని మీద ఒకటి వరసలుగా. మంచులో చివరి వరస కనబడటం లేదు. మనిషి అలికిడి లేదు.

టక్. టక్. టక్.

చప్పుడు ఎడమవైపు వరసలోంచి వస్తోంది. లీనస్ ఆ వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఒక పాత కారు ఎముకల గూడు పక్కన ఒక అమ్మాయి నిలబడి, దాని పిల్లర్ కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో తడుతోంది. తట్టి వింటోంది. మళ్ళీ తట్టి మళ్ళీ వింటోంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

అడవిలో తిరిగే లౌమె దయ్యాలు ఆడవాళ్ళలాగే ఉంటాయని, కాళ్ళు మాత్రం కోడికాళ్ళని అమ్మమ్మ చెప్పేది. లీనస్ కళ్ళు తనకి తెలియకుండానే ఆ అమ్మాయి పాదాల మీదికి పోయాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.

"నా బూట్లేమైనా కొనడానికొచ్చారా?" అంది, కళ్ళు తెరవకుండానే.

"పిల్లర్ కోసం... ఫోన్ చేశాను. లీనస్."

కళ్ళు తెరిచింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది. అతనికి వేసినంత భయం ఆమె ముఖంలోనూ కనిపించింది. అదీ అతనికి అర్థం కాని సంగతి.

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి," అంది.

"ఎందుకూ?"

"ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఆమె వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"కొట్టుకుంటోంది. చాలా గట్టిగా," అంది, కాస్త ఊపిరి పీల్చుకుని.

"అంటే... కొట్టుకోకపోతుందేమో అనుకున్నారా?"

"అనుకున్నాను."

లీనస్ కోటు జేబులోంచి పొట్లం తీశాడు. అక్క పొద్దున కట్టిచ్చిన నల్ల రొట్టె, మధ్యలో పొగపట్టిన పంది మాంసం. సగం తుంపి ఆమె చేతికిచ్చాడు. "తినండి."

"ఇప్పుడా?"

"నా ముందే తినండి. దయచేసి."

ఆమె రొట్టె వంక, అతని వంక చూసింది. కొరికింది. నమిలింది. మింగింది. లీనస్ ఆమె గొంతు వైపే చూస్తున్నాడు.

"బంకులో జుజానా అత్త చెప్పిందా నేను చచ్చిపోయానని?" అంది నోట్లో రొట్టెతోనే.

"పేరు తెలీదండీ. సిలువ గుర్తు మాత్రం వేసుకుంది."

"నాలుగు నెలలు విల్నియస్ లో ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగొచ్చి బంకుకి వెళ్ళలేదు. ఆవిడ ఓదారుస్తుందని భయం." ఇంకో ముక్క కొరికింది. "ఉప్పెక్కువైంది. నా పేరు వైవ."

లీనస్ కి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు. చెయ్యి చాపింది. "ఇక ఆ ముక్క ఇవ్వండి."

* * *

ఆఫీసు గదిలో పొయ్యి వెలుగుతోంది. వైవ ఇనుప ముక్కని బల్ల మీద పెట్టి, కోసిన అంచుని దీపం కింద తిప్పి తిప్పి చూసింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. చూస్తుండగానే ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది.

"ఇది ఆ కారుది కాదు."

"నేనే కోశానండీ, ఈ చేతుల్తో."

"నంబరు చదివింది కూడా మీరే కదా. ఆ నంబరున్న కారు పిల్లర్ లో మూడు పొరలుంటాయి. మధ్య పొర ఎంత గట్టిదంటే డ్రిల్లు బిట్లు విరుగుతాయి. దీంట్లో రెండే పొరలు, రెండూ పల్చటివి. నాలుగేళ్ళ ముందు చేసిన మోడల్ ది ఇది. బయటి ఆకారం ఒక్కటే, తలుపు కూడా పడుతుంది. అందుకే మీరు పోల్చుకోలేదు."

"కొయ్యడం మరీ తేలిగ్గా అయిపోయిందేమిటా అనుకున్నాను," అన్నాడు లీనస్ సిగ్గుపడుతూ.

"నంబరు చెప్పగానే పార్టు ఇచ్చేవాడి దగ్గర ఏదీ కొనకు అనేవాడు నాన్న. నంబరు చూడు, తలుపులెన్నో చూడు, ఎయిర్ బ్యాగులున్నాయో లేదో చూడు, చివరికి ఇనుమునే అడుగు అనేవాడు." ఆగింది. "లీనస్ గారూ, మీరు ఫోన్లో చదివిన నంబరు మా నాన్న కారుది."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"ఆ కారు నా షెడ్డులో ఉంది. ఏడాదిగా టార్పాలిన్ కింద ఉంది. ఎడమవైపు పిల్లర్ నాన్న మీదికి వచ్చేసింది. కుడివైపుది నిలబడింది, అందుకే నేనున్నాను. మీరు ఫోను చేసి అదే నంబరు చెప్పి, ఎడమవైపు పిల్లర్ కావాలన్నారు."

లీనస్ తను వేసిన కుడివైపు ఎడమవైపు జోకు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

"ఆ కారు చూశారా ఈమధ్య?"

"లేదు. ఆ షెడ్డు తలుపు తీయలేదు."

"తీద్దామా?"

"మీరు ముందు నడుస్తానంటే."

"నేనా? నేను పార్టు కోసం వచ్చినవాణ్ణండీ."

"రొట్టె పెట్టి పరీక్ష చేసినవాళ్ళు ముందు నడవచ్చు."

నడిచాడు. షెడ్డు తాళం తుప్పు పట్టలేదు. పైగా ఎవరో నూనె వేసినట్టు సులువుగా తిరిగింది. వైవ అది గమనించి అతని మోచెయ్యి పట్టుకుంది. లోపల చీకట్లో టార్పాలిన్ కింద కారు పడుకున్న జంతువులా ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే టార్పాలిన్ అంచు ఒకసారి లేచి పడింది. గాలే అయ్యుండాలి. షెడ్డుకి కిటికీలు లేవని లీనస్ కి తర్వాత తట్టింది.

ఇద్దరూ చెరో వైపూ పట్టి లాగారు. వైవ ఎడమవైపు చూడలేదు. నేరుగా కుడి తలుపు దగ్గరికి వెళ్ళి, నంబరుండే చోట వంగింది. లీనస్ టార్చి పట్టుకుని కారు కింద దూరాడు.

నంబరు లేదు. నంబరుండాల్సిన చోట నేలరేకులో అరచేయంత నలుచదరం కన్నం. అంచులు గ్రైండరుతో శుభ్రంగా కోసి ఉన్నాయి. ఆ కన్నంలోంచి పైన వైవ కన్ను ఒకటే కనిపించింది. బూడిద రంగు కన్ను, నిండా నీళ్ళు. ఆమెకి కింద అతని కన్ను కనిపించి ఉండాలి. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. కిందా పైనా అంత ఇనుమున్నా, ఇంత దగ్గరగా తన కళ్ళలోకి ఎవరూ ఎప్పుడూ చూడలేదనిపించింది లీనస్ కి.

"జెనోనస్," అంది వైవ ఆ కన్నంలోంచే. "నాన్న దగ్గర పనిచేసేవాడు. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. డ్యాష్ బోర్డులో కాగితాలు కూడా ఉండేవి. ఉన్నాయేమో చూడనా?"

చూసింది. లేవు.

"తప్పు నాదే," అంది, లీనస్ బయటికొచ్చాక. "కారు చచ్చిపోయిందని రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితం ఇవ్వాలి. ఇస్తే ఈ నంబరు ఇంకెవరూ వాడలేరు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ మెట్ల దగ్గర్నుంచే తిరిగొచ్చేశాను. ఆ కాగితం మీద సంతకం పెడితే నాన్న నిజంగానే పోయినట్టు అనిపించేది."

లీనస్ ఓదార్చలేదు. ఓదారిస్తే పారిపోయే మనిషని ఈపాటికి తెలుసు. "మరి మా అక్క నడుపుతున్నదేమిటి?" అని మాత్రం అడిగాడు.

వైవ కళ్ళు తుడుచుకుంది. "చూడాలి. పిల్లర్ ఒక్కటే పాతదైతే ఫరవాలేదు. నంబరు ముక్క కోసి అతికించేవాడు అక్కడితో ఆగడు. ముందు సగం ఒక కారుదీ వెనక సగం ఇంకో కారుదీ కూడా అయ్యుండచ్చు. ఇప్పుడు కారెక్కడుంది?"

"నా షెడ్డులో. ఇంకో తాళంచెవి అక్క దగ్గరుంది."

ఆ మాట అంటూనే ఫోను తీశాడు. రమూనె ఎత్తలేదు. ఫోన్లో ఆమె గంట క్రితం పెట్టిన మెసేజి మాత్రం ఉంది. 'తౌరగ్నైలో ముసలమ్మకి ఇన్సులిన్ ఇవ్వాలి. బస్సు తప్పిపోయింది. తలుపు తాడుతో కట్టేసి కారు తీసుకెళ్తున్నా. తిట్టకు.'

* * *

పొగమంచులో వ్యాను లైట్లు పదడుగులకి మించి పోవడం లేదు. తౌరగ్నైకి పోయే సరస్సు పక్క రోడ్డు. వైవ పక్క సీట్లో కూర్చుని రెండు చేతులతో బెల్టు పట్టుకుంది. ఈ రోడ్డు మీదికి ఏడాదిగా రాలేదని ఆమె చెప్పక్కర్లేకపోయింది.

"మాట్లాడుతూ ఉండు," అంది. మీరు పోయి నువ్వు వచ్చేసిందని ఇద్దరూ గమనించలేదు.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. నీకు పెళ్ళయిందా?"

"లేదు. ఉప్పెక్కువేసిన రొట్టె తినే పిల్ల దొరకలేదు."

"నేను భయంతో తిన్నాను. లెక్కలోకి రాదు." కొంచెం ఆగి అంది, "వచ్చే మలుపే అది."

మలుపు తిరిగాడు. వెంటనే బ్రేకు తొక్కాడు.

రోడ్డు మధ్యలో నీలం కారు ఆగి ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. డ్రైవరు తలుపు తాడు ఊడి బార్లా తెరుచుకుని ఉంది. లోపల ఎవరూ లేరు. మందుల సంచి సీటు మీదే ఉంది.

"అక్కా!" లీనస్ గొంతు మంచులో ఎటుపోయిందో తెలియలేదు. "రమూనె అక్కా!"

"అరవకురా, ఇక్కడే ఉన్నా." రోడ్డుకి అవతల, చెట్ల మొదట్లో రమూనె నిలబడి ఉంది. కోటు గట్టిగా చుట్టుకుంది. ఆరుగురు ముసలివాళ్ళ చావులు ఒంటిచేత్తో చూసిన మనిషికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "ఆ కారు కింద ఎవరో ఉన్నారు."

"ఏమిటి?"

"కింద నుంచి తట్టారు. తలుపు తట్టినట్టు మూడుసార్లు. రాయేమో అనుకున్నా. మళ్ళీ తట్టారు. ఆపి, ఇంజను కూడా ఆపి విన్నాను. ఆపాక కూడా తట్టారురా! దిగి పరిగెత్తాను." అప్పుడు చూసింది పక్కనున్న అమ్మాయిని. "ఈవిడెవరు?"

"యార్డు వాళ్ళమ్మాయి. వైవ."

"నువ్వు పిల్లర్ తెస్తానన్నావు కదరా?"

వైవ ఆ మాటలేవీ వినడం లేదు. నేరుగా కారు దగ్గరికి వెళ్ళి, తడి రోడ్డు మీద పడుకుని, తలుపు కింది బీముకి చెవి ఆనించింది. లీనస్ కి ఆమెను పట్టి లాగేయాలనిపించింది. లాగలేదు. టార్చి తీసుకుని ఆమె పక్కనే పడుకున్నాడు.

వేలి కణుపుతో తట్టింది. టక్. టక్. టక్.

లోపల నుంచి జవాబొచ్చింది. టక్. టక్. టక్.

వైవ లీనస్ వేళ్ళు వెతికి పట్టుకుంది. ఇందాకటంత చల్లగా లేవు ఆమె వేళ్ళు.

"అయస్కాంతం ఉందా?" అంది గుసగుసగా.

జేబులో ఉంది. టింకరింగు చేసేవాడి జేబులో అది లేకుండా ఉండదు. బీము పొడవునా జరుపుకుంటూ పోయాడు. ముందు సీటు వెనకాల ఒకచోట అయస్కాంతం అంటుకోలేదు. జారిపోయింది. రంగు కింద ఇనుము లేదు, అంతా లప్పం. స్క్రూడ్రైవరుతో గుచ్చితే ముద్దలు ముద్దలుగా రాలింది. లప్పం వెనకాల వంకరటింకర వెల్డింగు గీత, కారు అడుగంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా. రెండు కార్లని మధ్యకి కోసి కలిపిన గీత. దాంట్లో సగం అప్పటికే విడిపోయింది. విడిపోయిన చోట లోపల ఒక పట్టీ, వేలెడు వెల్డింగుకి వేలాడుతూ, ముట్టుకుంటే ఊగి బీముకి కొట్టుకుంటోంది.

"ఇదే తట్టింది," అన్నాడు లీనస్, ఊపిరి వదిలి. "ఇంకో రెండు గుంటల్లో పడి ఉంటే..."

రమూనె దగ్గరికొచ్చి, వంగి, ఆ గీత చూసింది. రోడ్డు మీదే కూలబడింది. లీనస్ అక్కని గట్టిగా పట్టుకున్నాడు.

"బండి కుదుపులకి అది కొట్టుకుందంటే ఒప్పుకుంటా," అంది రమూనె కాసేపటికి. "ఆపాక ఎందుకు కొట్టుకుంది? గాలి కూడా లేదు కదరా."

వైవ లేచి, చెట్ల వైపు తిరిగి నిలబడింది. నీళ్ళకి అటువైపు ఏదో పక్షి అరిచి ఊరుకుంది.

"నాన్న ఏ కారు కొనేముందైనా మూడుసార్లే తట్టేవాడు," అంది. ఎవరితో అందో తెలియదు.

ఆ సాయంత్రం ముసలమ్మకి ఇన్సులిన్ లీనస్ వ్యానులో వెళ్ళింది. ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. రమూనె కావాలనే కిటికీ పక్క సీటు తీసుకుంది.

* * *

పోలీసులు జెనోనస్ ని నెల తిరక్కుండానే పానెవెజిస్ లో పట్టుకున్నారు. వెనక సగం వరదలో మునిగిన కారుదట, ముందు సగం ఎవరి దగ్గరో కొట్టేసిన కారుదట. అల్బీనస్ పేరుతో దొంగ సంతకం పెట్టి రమూనెకి అమ్మింది కూడా అతనే.

ఈలోగా లీనస్ యార్డుకి వెళ్ళడం ఎక్కువైంది. ఒకసారి అద్దం కావాలన్నాడు, ఒకసారి బంపరు. వైవ ప్రతిసారీ కారు నంబరు, తయారైన నెల, తలుపులెన్ని అని నిలబెట్టి అడిగేది. అతను తడబడేవాడు. ఆ తర్వాత ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని లిండెన్ పూల టీ తాగేవాళ్ళు. టార్పాలిన్ షెడ్డు తలుపు ఇప్పుడు పగలంతా తీసే ఉంటోంది.

డిసెంబరు మొదట్లో ఒకరోజు ఆమే ఫోన్ చేసింది. "రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తున్నా. మెట్ల దాకా తోడు రాగలవా?"

మెట్ల దాకా వచ్చాడు. మెట్లెక్కాడు. లోపల బెంచీ మీద పక్కనే కూర్చున్నాడు. చేతిలో క్యూ చీటీ, గోడ మీద బోర్డులో మారుతున్న అంకెలు. ఇంకా తొమ్మిది మంది ముందున్నారు. వైవ ఒళ్ళో ఫారం. 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది. ఆమె పెన్ను పట్టుకుని ఉంది గానీ రాయడం లేదు.

ఏదైనా మాట్లాడాలని లీనస్ నోరు తెరిచాడు. అనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి.

"మీ యార్డులో కొనడానికి నాకింకేం మిగల్లేదు. ఇకమీద ఏ సాకు చెప్పి రావాలో తెలియడం లేదు."

వైవ ఫారం మీద నుంచి తల ఎత్తలేదు. "పోయిన వారం మూడు వెనక లైట్లు కొన్నావు. మూడూ ఎడమవైపువే. ఏ కారుకుంటాయి మూడు ఎడమ లైట్లు?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే రావడం మానేస్తావని."

లీనస్ చెవులు ఎర్రబడ్డాయి. "వైవా, నేను... నీకు ఇష్టమైతే... అంటే ఆ రోజు రోడ్డు మీద..."

పక్కన కూర్చున్న, ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన అల్లిక సంచీలోంచి యాపిలు తీసి తుడుస్తూ అన్నాడు, "తొందరగా తేల్చు బాబూ. తర్వాతి నంబరు నాది. సగంలో లేచిపోతే నాకు నిద్రపట్టదు."

వైవ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పెన్ను కాగితం మీద పెట్టింది. 'కారణం' గడిలో ఒకే ఒక్క పంక్తి రాసింది. ప్రమాదంలో ధ్వంసమైంది. యజమాని మరణించారు. కింద సంతకం పెట్టింది.

బోర్డు మీద నంబరు మారింది. ముసలాయన గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇంకా కొన్ని నంబర్లు మారాక ఆమె వంతు వచ్చింది. లీనస్ దూరం నుంచే చూశాడు. కిటికీ వెనక ఉద్యోగిని ఏదో అడిగింది. వైవ తల ఊపింది. ముద్ర పడిన చప్పుడు హాలంతా వినిపించింది.

తిరిగొచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది. పనైపోయింది, ఇద్దరూ లేవలేదు. ఆమె ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, చాలాసేపు. లీనస్ జేబు రుమాలు ఇచ్చాడు. దాని మీద ప్రైమరు రంగు మరకలున్నాయని ఇచ్చాక చూసుకున్నాడు. ఆమె దాంతోనే ముఖం తుడుచుకుంది. బుగ్గ మీద బూడిద రంగు గీత పడింది.

"చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"ఇందాక సగంలో ఆపేశావు. ఆ ముసలాయన వెళ్ళిపోయాడు. మొత్తం చెప్పు."

లీనస్ మొదటి నుంచీ చివరిదాకా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు తడబడి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విని, అతని చెయ్యి తన కోటు జేబులోకి లాక్కుంది.

కిటికీ బయట ఆ ఏటి మొదటి మంచు పడుతోంది. మూసేవేళ అయిందని గార్డు వచ్చి రెండోసారి చెప్పాకే ఇద్దరూ లేచారు.